ఊడ్చిన గింజలు

జనార్దన్ సేటు కాంటా దగ్గర బస్తాలు లారీ ఎక్కాక నేల మీద మిగిలిన గింజలు ఎవరివని పదకొండేళ్ళలో ఎవరూ అడగలేదు. అడిగే పని పడలేదు.

జనగామ దాటి తరిగొప్పుల పోయే రోడ్డు పక్కన ఎకరం మేర సిమెంటు గచ్చు అది. కోతల కాలంలో పొద్దంతా ట్రాక్టర్లు వస్తాయి, వడ్లు తూకమవుతాయి, హమాలీలు బస్తాలు మోస్తారు. సరిగా కుట్టని మూతుల్లోంచి, కొక్కెం గుచ్చిన చిల్లుల్లోంచి గింజలు రాలుతూనే ఉంటాయి. సాయంత్రం ఆఖరి లారీ కదిలిందంటే రేగుకుంట తండా ఆడవాళ్ళు ఎనిమిది మంది చీపుర్లతో గచ్చు మీదికి దిగుతారు. మూలమూలా ఊడ్చి, మట్టీ రాళ్ళూ ఎలుక పెంటికలూ బీడీ ముక్కలూ కలిసిన ఆ గింజల్ని సంచుల్లోకి ఎత్తుకొని ఇంటికి తీసుకుపోతారు. చెరిగితే వచ్చినన్ని వడ్లు. జీతం లేదు. ఆ గింజలే జీతం.

ఈ ఏర్పాటు చేసింది జనార్దన్ సేటే. చేతినుంచి కూలి ఇచ్చి ఊడ్పించడం కంటే రాలినవి వదిలేయడం లాభమని ఆయనకు తెలుసు. ఎండలో నాట్లకు పోవడం కంటే నీడ వాలాక గంటసేపు వంగడం నయమని ఆడవాళ్ళకు తెలుసు. ఇద్దరికీ తెలిసిన సంగతిని కాగితం మీద ఎవరూ పెట్టలేదు.

కిందటేడు వానాకాలం పంట కోతకు వచ్చే ముందు సేటుకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కొడుకు రాహుల్ హైదరాబాద్‌లో ఉద్యోగం మానుకొని వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చున్నాడు. చెడ్డవాడేమీ కాదు. రైతులకు ఎదురెళ్ళి మరీ నీళ్ళిచ్చేవాడు. కాకపోతే నలుగురు చేసే పనిని నాలుగు కెమెరాలు చూసుకుంటాయని నమ్మినవాడు. వచ్చిన వారానికే గచ్చు నాలుగు మూలలా కెమెరాలు పెట్టించాడు.

నవంబరు ఆఖరులో ఒక సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. హమాలీలు గాబరాగా లారీ నింపుతుంటే ఒక బస్తా కింద పడి పగిలింది. అలా పగిలితే దోసిళ్ళతో ఎత్తగలిగినంత హమాలీలు ఎత్తి కొత్త సంచిలో పోస్తారు, మిగిలింది చీపుర్ల పాలు. ఆరోజు చినుకులు మొదలయ్యాయని వాళ్ళు సగమే ఎత్తి, బస్తాలు తడవకుండా తాటిపత్రి కట్టి లారీని సాగనంపారు. ఆ మూల ఊడ్చే వంతు ఎనిమిది మందిలో జమ్లీది. తడవక ముందే ఊడ్చింది, ఎత్తింది, నెత్తిన పెట్టుకొని గేటు దాటింది. మామూలు కంటే సంచి బరువుగా ఉంది. గింజ కూడా శుభ్రంగా ఉంది.

రాహుల్ ఇంట్లో భోజనానికి కూర్చొని ఫోన్లో అది చూశాడు.

మర్నాడు పొద్దున్నే తండాకు ఒక పోలీసాయన మోటారు సైకిలు మీద వచ్చాడు. జమ్లీ పొయ్యి ముందు ఉంది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, ఎండకు ఎండిన సన్నని ఒళ్ళు, పని చేస్తున్నప్పుడు తప్ప చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని రకం. ఠాణాకు రమ్మన్నాడు. ఎందుకని అడిగింది. వస్తే చెబుతారన్నాడు. మొగుడు హన్మంతు చేనికి పోయి ఉన్నాడు. సంచి కూడా పట్టుకురమ్మంటే, పట్టుకొని పోయింది.

ఠాణాలో మెట్ల కింద ఒక బల్ల ఉంది. తొమ్మిదింటికి దాని మీద కూర్చోబెట్టారు. ముందు నుంచి పోయినవాళ్ళందరినీ ఆమె ఒకే మాట అడిగింది, నన్నెందుకు తెచ్చిర్రు అని. ఒకాయన నవ్వి పోయాడు. ఒకాయన టీ తాగుతావా అన్నాడు. మధ్యాహ్నం దాటాక ఎస్సై వచ్చి, నీకు తెలియదా అన్నాడు.

"నాకు తెలిస్తే మిమ్ముల ఎందుకడుగుత సార్?"

ఎక్కువ మాట్లాడుతున్నావన్నాడు ఆయన. ఆ తర్వాత రైటరు వచ్చి ఒక కాగితం ముందు పెట్టి సంతకం చెయ్యమన్నాడు. జమ్లీకి పేరు రాయడం వచ్చు, చదవడం రాదు. ఏం రాసిర్రో చదవమంది. రైటరు చదవలేదు. ఆమె కలం ముట్టలేదు.

ఇంత జరుగుతుండగా కబురు అంది ప్రేమ్‌సింగ్ వచ్చాడు. జమ్లీకి బావ, హన్మంతుకు సొంత అన్న. ఇరవై ఏళ్ళుగా తండాకు నాయకుడు. ఊళ్ళవాళ్ళతో గొడవైనా, తండాలో ఆలుమగల తగవైనా ఆయన గడప తొక్కకుండా తెగదు. ఆయన చేసిన పని అర్థం కావాలంటే రేగుకుంట తండాలో పంచాయితీ ఎలా మొదలవుతుందో చెప్పాలి. ఎవరి మీద ఫిర్యాదు వస్తుందో వాళ్ళ ఇంటి పెద్ద ముందుగా లేస్తాడు. నెత్తి రుమాలు తీసి నేల మీద పెట్టి, తప్పైంది అంటాడు. అది తప్పు ఒప్పుకోవడం కాదు. మేం కయ్యానికి రాలేదు, చెప్పండి వింటాం అనడం. ఆ మాట పడ్డాకే అసలు విచారణ మొదలవుతుంది. ఒకరోజు, రెండు రోజులు, ఒక్కోసారి పై ఆదివారం దాకా సాగుతుంది. చివరికి ఫిర్యాదు చేసినవాడిదే తప్పని తేలి, ముందు వంగినవాడు రుమాలు దులిపి కట్టుకొని పోయిన సందర్భాలు తండాలో ఎన్నో ఉన్నాయి.

ప్రేమ్‌సింగ్ ఎస్సై గదిలోకి పోయాడు. రుమాలు తీసి బల్ల మీద పెట్టాడు. తప్పైంది సార్, మా ఆడమనిషి, పెద్దమనసు చేసుకోండి అన్నాడు. ఇక చెప్పండి, వింటాం అన్నట్టు నిలబడ్డాడు.

ఎస్సై చెప్పేదేమీ లేకపోయింది. ఆయనకు కావలసింది వచ్చేసింది. రైటరు మరో కాగితం రాశాడు. జమ్లీ ఆ ఉదయం తండాలో నాయకుడి దగ్గరికి వచ్చి, వడ్లు దొంగిలించానని తనంతట తానే చెప్పిందని, ఆయన ఆమెను సంచితో సహా అప్పగించాడని. ప్రేమ్‌సింగ్ కూడబలుక్కొని చదవగలడు. రెండు వాక్యాలు చదివేసరికి, సంతకం పెడితే ఇంటికి తీసుకుపోవచ్చని రైటరు అన్నాడు. పెట్టేశాడు.

దారిలో సంగతి తెలిసి జమ్లీ ఆటోలోంచి దిగిపోయింది. మిగిలిన మూడు కిలోమీటర్లూ నడిచే వచ్చింది. ప్రేమ్‌సింగ్ ఆటో ఆమె వెనకే మెల్లగా వచ్చింది.

పది రోజులకు కోర్టు సమన్లు అందాయి. అంతకు ముందే కాంటా గేటు మూతపడింది. కేసు తెగేదాకా రేగుకుంట తండా వాళ్ళెవరూ గచ్చు మీద కాలు పెట్టొద్దని రాహుల్ చెప్పించాడు. కొన్నాళ్ళకు హమాలీ ఒకతను ఇంకో మాట మోసుకొచ్చాడు. జమ్లీ కోర్టులో ఒప్పుకుంటే ఆ మర్నాటి నుంచే మిగతా ఏడుగురూ పనిలోకి రావచ్చు.

ఆ మాటతో ఇల్లు ఇల్లులా లేదు. ఏడుగురూ వచ్చారు. వాళ్ళలో రుక్కి చిన్నది, జమ్లీయే పనికి అలవాటు చేసిన పిల్ల. ఎవరూ పోట్లాడలేదు. అదే కష్టమైంది. ఒక్క మాటతో పోయేదానికి ఇంత ఎందుకక్కా అని రుక్కి మెల్లగా అంది. తండాలో అందరికీ నువ్వెలాంటిదానివో తెలుసు, కోర్టులో ఏమంటే ఏంటి అన్నారు. హన్మంతు గోడకు ఆనుకొని నేల చూస్తూ కూర్చున్నాడు. ప్రేమ్‌సింగ్ కూడా అదే చెప్పాడు. మనం తప్పనడం మనకు కొత్త కాదు కదా అన్నాడు.

కొత్త కాదు. అదే జమ్లీని పొడిచింది. ఆమె పుట్టిల్లు మహబూబాబాద్ దగ్గర ఒక తండా. చుట్టుపక్కల ఏ ఊళ్ళో మేక పోయినా, మోటారు తీగ పోయినా, మొదట ఆమె తండ్రిని పిలిచేవారు. ఆయన ఎంత అలవాటు పడ్డాడంటే, పిలవకముందే దుప్పటి భుజాన వేసుకొని బయలుదేరేవాడు. పోగానే తప్పైంది అనేవాడు. అలా అంటే దెబ్బలు తక్కువ పడేవి. ఎవరి తప్పో, ఏం తప్పో ఆయనా అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. బతికినన్నాళ్ళు ఆయన ఏ దొంగతనమూ చెయ్యలేదు. చచ్చిపోయేనాటికి ఊళ్ళలో ఆయన పేరు దొంగ సోమ్లా.

"మా బాపు ఒప్పుకొని ఒప్పుకొని సచ్చిండు" అంది జమ్లీ ఆ ఏడుగురితో. "మీకు పని పోయిందని నాకు తెలుసు. నన్ను తిట్టున్రి, పడుత. ఆ మాట మాత్రం నా నోట రాదు."

తిట్టలేదు. కానీ మర్నాటి నుంచి ఆమె గుడిసె ముందు ఎవరూ ఆగలేదు. సంక్రాంతి పోయాక ఆరుగురు మిరప ఏరడానికి భూపాలపల్లి వైపు వెళ్ళిపోయారు. రుక్కి చంటిపిల్లతో వెళ్ళలేక తండాలోనే ఉండిపోయింది.

కోర్టులో జమ్లీకి ఉచితంగా ఒక వకీలును ఇచ్చారు. పేరు సౌజన్య. ఆమెది భూపాలపల్లే, తండ్రి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైనవాడు. చదువయ్యి మూడేళ్ళు. ఆ ఉదయం ఆమె చంకలో తొమ్మిది ఫైళ్ళున్నాయి. వరండాలో నిలబడే జమ్లీకి విషయం చెప్పింది. సంచి విలువ తక్కువ, మొదటి కేసు, సొత్తు కూడా ఠాణాలోనే ఉంది. ఒప్పుకుంటే కొత్త చట్టం ప్రకారం జైలు ఉండదు. సమాజ సేవ అని వేస్తారు, అంతటితో సరి. ఒప్పుకోకపోతే తారీఖులు పడతాయి, పనులు చెడతాయి.

సమాజ సేవ అంటే ఏంటని జమ్లీ అడిగింది.

"ఏదన్న దవాఖానలనో, ఆఫీసులనో కొన్ని దినాలు సాఫ్ చేసుడమ్మా."

"అంటే ఊడ్చుడేనా?"

"అంతే అనుకో."

"ఊడ్చినందుకు పట్టుకొచ్చిర్రు. శిక్ష మల్ల ఊడ్చుడే." జమ్లీ కొంచెం ఆగింది. "ఆడ గూడ గింజలు మిగుల్తయా బిడ్డా?"

సౌజన్య నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఫైళ్ళు గోడ పక్కన పెట్టి, మెట్టు మీద కూర్చొని, మొదటి నుంచి చెప్పమంది. ఠాణాలో, తండాలో, ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు. జమ్లీ కాంటా గురించి, చీపుర్ల వంతుల గురించి, పగిలిన బస్తా గురించి, రుమాలు గురించి చెప్పింది. రుమాలు దగ్గర సౌజన్య ఆపి, ప్రేమ్‌సింగ్ కాగితం బయటికి తీసి రెండుసార్లు చదివింది.

"పోలీసులతోటి ఒప్పుకున్నది కోర్టుల చెల్లదమ్మా. నీ మీద నీతోటే సాక్ష్యం చెప్పించొద్దని రాజ్యాంగంలనే ఉన్నది. అందుకే వాళ్ళు తెలివిగ రాసిర్రు. నువ్వు ఠాణాల కాదు, తండాల మీ నాయకునితోటి చెప్పినవని. ఇగ కేసంతా ఆయన మాట మీదనే నిలవడ్డది."

పిలుపు వచ్చింది. జడ్జి గారు నడివయసు మనిషి, అద్దాల మీదుగా చూస్తారు. ఆరోపణ చదివి వినిపించి, నేరం ఒప్పుకుంటున్నావా అని అడిగారు. మళ్ళీ ఒకసారి చదవమంది జమ్లీ. పక్కన రాసుకుంటున్న పేష్కారు తలెత్తి చూశాడు. జడ్జి గారు చదివారు, ఈసారి నెమ్మదిగా. ఫలానా తేదీన, ఫిర్యాదుదారు అనుమతి లేకుండా, దురుద్దేశంతో, వడ్ల సంచి దొంగిలించావని.

"సంచి తీస్కపోయింది నేనే సార్. దొంగతనం చెయ్యలే."

"తీసుకుపోయాననే కదమ్మా అంటున్నావు?"

"మీరు రోజు ఆ కుర్సీల కూసుంటరు సార్. కుర్సీ మీది కాదు. కూసునే హక్కున్నది, కూసుంటున్నరు. దాన్నెవ్వలు దొంగతనమనరు గద."

వెనక బల్లల్లో ఎవరో దగ్గారు. బంట్రోతు గోడవైపు తిరిగాడు. సౌజన్య తన ఫైలు మీద ఏదో వెతుకుతున్నట్టు తల దించుకుంది. జడ్జి గారు మాత్రం నవ్వలేదు. ముద్దాయి నేరం ఒప్పుకోలేదని రాయించి, సాక్షులకు తారీఖు వేశారు.

తారీఖులు రెండు ఊరికే పోయాయి. ఒకసారి సర్కారు వకీలు రాలేదు, ఒకసారి రాహుల్ రాలేదు. ప్రతిసారీ జమ్లీ పొద్దుటి బస్సుకు వచ్చి, వరండాలో కూర్చొని, సాయంత్రం బస్సుకు పోయింది. రెండోసారి రుక్కి కూడా వెంట వచ్చింది. ఎందుకు వచ్చావని జమ్లీ అడగలేదు. పిల్లను ఒళ్ళోకి తీసుకుంది.

సాక్ష్యాల రోజుకు ముందు సాయంత్రం జమ్లీ బావ ఇంటికి పోయింది. ఆ గొడవ తర్వాత ఆ గడప ఎక్కడం అదే మొదలు. లోపలికి రమ్మన్నా పోలేదు.

"బావా, దొంగతనం చేసిన్నని నేను నీతోటి ఏ పూట చెప్పిన?"

ప్రేమ్‌సింగ్ వేరే సంగతులు ఎత్తుకున్నాడు. సంతకం పెట్టిన మనిషి మాట మారిస్తే కేసు తన మీదికే తిరుగుతుందని ఠాణా నుంచి ఎవరో ఫోన్ చేశారు. ఒప్పుకున్నట్టు చెబితే ఆడవాళ్ళందరికీ పని దొరుకుతుందని రాహుల్ మనిషి వచ్చి పోయాడు. మహబూబాబాద్ వైపు ఇచ్చిన ఆయన కూతురు కూడా ఫోన్ చేసి, నాయకుడి మాట కోర్టులో పోతే తలెత్తుకోలేమంది. అన్నీ వరసగా జమ్లీకి చెప్పాడు. ఆమె విని, అడిగిందానికి ఇది జవాబు కాదని చెప్పి వచ్చేసింది.

మర్నాడు ముందు రాహుల్ బోనెక్కాడు. సాఫ్ బట్టలు, సాఫ్ మాట. ఫోన్లో చూసింది చూసినట్టు చెప్పాడు. అబద్ధం లేదు. సౌజన్య లేచి, కాంటా గచ్చు రోజూ ఎవరు ఊడుస్తారని అడిగింది. తండా ఆడవాళ్ళన్నాడు. జీతమా అంది. లేదన్నాడు. మరి ఎందుకు ఊడుస్తారు అంది. రాహుల్ సర్కారు వకీలు వైపు చూశాడు. ఆయన కాగితాల్లో ఉన్నాడు.

"గింజల కోసం" అన్నాడు రాహుల్. వెంటనే, "అయితే అడిగి తీసుకోవాలి" అని కలిపాడు.

"పదకొండేండ్లల ఎన్నిసార్లు అడిగి తీసుకున్నరు?"

"అప్పుడు నేను లేను. మా నాన్న చూసేవారు."

నాన్నగారిని పోలీసులు అడిగారా అంటే లేదన్నాడు. నాన్నకు మాట రాదు కానీ అడిగింది అర్థమవుతుందా, తల ఊపుతారా అంటే, ఊపుతారన్నాడు. మీరైనా ఇంట్లో ఆయనను అడిగారా అంటే మళ్ళీ సర్కారు వకీలు వైపు చూశాడు. లేదని జడ్జి గారే రాయించారు.

తర్వాత ప్రేమ్‌సింగ్. బోనులోకి రాగానే అలవాటుగా చెయ్యి నెత్తి మీదికి పోయింది. రుమాలు తీసి ఎక్కడ పెట్టాలో చూశాడు. బోను కొయ్య మీద పెట్టాడు. సర్కారు వకీలు ఆ సంతకం మీదేనా అని అడిగాడు. నాదేనన్నాడు. ముద్దాయి మీ దగ్గరికి వచ్చి దొంగతనం చేశానని చెప్పిందా అన్నాడు.

ప్రేమ్‌సింగ్ జమ్లీ వైపు చూడలేదు. రాహుల్ వైపూ చూడలేదు.

"చెప్పలే సార్. నేను అడగనే లేదు."

సర్కారు వకీలు కాగితం ఎత్తి చూపించి, ఇందులో చెప్పిందని ఉంది కదా అన్నాడు. జడ్జి గారు ఆయనను ఆపి, అడక్కుండా తప్పైందని ఎలా అన్నావని నాయకుణ్ణి తామే అడిగారు.

"మా తండాల అట్లనే సార్. పెద్దమనిషి ముందు తప్పంటడు. అన్నంక కూసొని, ఏమైంది, ఎట్లయింది అని అందరిని అడుగుతం. ఠాణాల నేను ముందటి మాట అన్న. వాళ్ళు అది రాసుకొని, అడిగేది ఇడిచిపెట్టిర్రు."

 ప్రేమ్‌సింగ్ ఆగుతాడనుకున్నారు. ఆగలేదు.

"ఇరవై ఏండ్ల సంది నాయకున్ని. ఆమెను అడగకుంట ఆమె పేరున మాటిచ్చిన. నిజంగ తప్పంటే గదొక్కటే, అది నాది. రాసుకోన్రి."

సాక్షి మాట మార్చాడని సర్కారు వకీలు రాయించుకున్నాడు. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సాక్షి చేత సంతకం పెట్టించుకోవడమే చట్టానికి విరుద్ధమని సౌజన్య రాయించింది. ప్రేమ్‌సింగ్ కిందికి దిగి వెనక బల్ల మీద కూర్చున్నాడు. 

మధ్యాహ్నం విరామంలో రాహుల్ తరఫున ఒక వకీలు సౌజన్య దగ్గరికి వచ్చాడు. రాజీ చేసుకుందాం అన్నాడు. ఫిర్యాదుదారు ముద్దాయిని క్షమించానని రాసిస్తాడు, కేసు ఇవ్వాళే మూతపడుతుంది, విడుదలైనట్టే లెక్క. సౌజన్య నిజాయితీగా ఆ మాట జమ్లీకి చేరవేసింది. చట్టం దృష్టిలో రెండూ ఒకటేనని కూడా చెప్పింది. తీర్పుకు పోతే ఎటు పోతుందో ముందుగా ఎవరూ చెప్పలేరని కూడా చెప్పింది.

రాహుల్ ఐదడుగుల దూరంలో, స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. జమ్లీ అతనికి వినపడేట్టే అంది.

"నేను చేసిందేందో చెప్పమను. చేస్తే గద మాఫీ. చెయ్యనిదాన్ని ఎట్ల మాఫీ చేస్తడు? నాకు తీర్పు గావాలె."

హన్మంతు కూడా ఆరోజు వచ్చాడు. ఇన్ని నెలల్లో కేసు గురించి ఒక్క మాట ఎత్తని మనిషి. లేచి వచ్చి భార్య పక్కన నిలబడి, "రాజీ లేదు" అన్నాడు రాహుల్ వకీలుతో. అంతే అన్నాడు. పోయి బీడీ ముట్టించుకున్నాడు.

మార్చి ఆఖరులో తీర్పు వచ్చింది. జడ్జి గారు ఇంగ్లీషులో ఉన్నదాన్ని చివర తెలుగులో చెప్పారు. దురుద్దేశం ఉన్నట్టు రుజువు కాలేదు, నిన్ను విడుదల చేస్తున్నాం అన్నారు. సౌజన్య జమ్లీ మోచెయ్యి పట్టుకొని ఇక దండం పెట్టి పోదామంది. జమ్లీ కదలలేదు.

"రుజువు కాలేదంటే చెయ్యలేదనా సార్, చేసింది దొరకలేదనా?"

బంట్రోతు ముందుకు రాబోతే జడ్జి గారు చేత్తో ఆపారు. అద్దాలు తీశారు. ఆరోపణ వచ్చినంత మాత్రాన ఎవరూ దొంగ కారని, రుజువు చేసే భారం చెప్పినవాళ్ళదేనని, అది చెయ్యలేకపోతే చట్టం ఆమెను ఏ తప్పూ చెయ్యని మనిషిగానే చూస్తుందని చెప్పారు. "కేసు పడ్డ రోజు నుంచీ అలాగే చూసింది. ఇవ్వాళ కొత్తగా కాదు" అన్నారు.

జమ్లీ వెనక్కి తిరిగి గుమ్మం బయటి మెట్లు చూసింది.

"మరి గా ముచ్చట ఠాణాల ఎవ్వలు చెప్పలే. గచ్చుకాడ ఎవ్వలు చెప్పలే. గీ మూడు మెట్లెక్కినంకనే చెప్తరా?"

 జడ్జి గారు అద్దాలు తుడుచుకొని తర్వాతి కేసు పిలవమన్నారు.

గేటు బయట కాంటా గుమాస్తా కాచుకొని ఉన్నాడు. యాసంగి, అంటే రెండో పంట కోతలు వారంలో మొదలవుతాయి. వానాకాలం వడ్లప్పుడు బయటి నుంచి తెచ్చిన కూలీలు రెండు రోజులు ఊడ్చి, ఆ మట్టి గింజలు మాకొద్దని పోయారు. రేపటి నుంచి ఎనిమిది మందీ రావచ్చని చిన్న సేటు చెప్పమన్నాడట. రుక్కి మొహం వెలిగింది. భూపాలపల్లి వాళ్ళకు ఫోన్ చెయ్యడానికి కొంగు ముడిలోంచి ఫోను తీసింది.

"ఆగే" అంది జమ్లీ ఆ పిల్లతో. గుమాస్తా వైపు తిరిగింది. "ఈ మాట నీతోటి చెప్పిస్తే నేను రాను. ఆయనే తండాకొచ్చి, ఎనిమిది మంది ముంగట చెప్పాలె. ఊడ్చినోళ్ళయే గింజలని చెప్పాలె. ఠాణాకు తొవ్వ తెలిసినాయనకు తండాకు తొవ్వ తెల్వదా?"

గుమాస్తా ప్రేమ్‌సింగ్ వైపు చూశాడు, పెద్దమనిషి సర్ది చెబుతాడని. ఆమె చెప్పాక నేను చెప్పేదేముంది అన్నాడు ప్రేమ్‌సింగ్.

రెండు రోజులు ఎవరూ రాలేదు. మూడో రోజుకు రుక్కి, హన్మంతు, చివరికి సౌజన్య కూడా ఫోన్లో, ఇంకొంచెం తగ్గవచ్చు కదా అన్నారు. జమ్లీ తగ్గలేదు. భూపాలపల్లి నుంచి ఆరుగురూ మిరప ఘాటెక్కిన చేతులతో తిరిగొచ్చారు. వాళ్ళు తగ్గమనలేదు.

ఏడో రోజు పొద్దున తండా దారిలో తెల్ల కారు ఒకటి దుమ్ములో ఆగుతూ ఆగుతూ వచ్చింది. రాహుల్ దిగాడు. ఎవరిల్లు ఏదో తెలియక, ఎవరిని అడగాలో తెలియక, కారు తలుపు పట్టుకొని నిలబడ్డాడు. జమ్లీ గుడిసెలోంచి వచ్చి చూసింది. మంచం వాల్చి, దాని మీద దుప్పటి పరిచింది.

"కూసో సేటూ" అంది. "ఇంక ఏడుగురు రావాలె."